విన్న మాట

"పొద్దున్న చెప్పేనా లేదా?"

"ఏటి చెప్పేవు?"

"హుక్కులు! ఎర్ర జాకెట్టుకి హుక్కులు! కాలేజీ నించి వస్తూ గాజువాక సెంటర్లో తెమ్మన్నాను. గుమ్మం దాటబోతూంటే ఇంకోసారి చెప్పేను. తలూపేవు కూడాను."

"నువ్వేం చెప్పలేదమ్మా."

నూకరత్నం చేతిలోని కత్తెర బల్ల మీద పెట్టింది. కుందన అబద్ధం ఆడదు. తల్లి భయమంతా అదే. అబద్ధమైతే రెండు తిట్టి ఊరుకోవచ్చు. కానీ ఆ పిల్ల ముఖం కడిగి బోర్లించిన గిన్నెలా ఉంది. దాచుకున్నదేమీ లేదు. అసలేమీ లేదు.

"పోనీ, ట్రాన్స్‌ఫార్మర్ల పాఠం? తెల్లారగట్ల లేచి చదివేవు. టీ పెట్టిచ్చి నీ పక్కనే కూచున్నాను."

కుందన బ్యాగు కుర్చీలో పడేసింది. "ఇవాళ టెస్టులో అదే ఇచ్చేరు. ఒక్క ముక్క రాలేదు. ఆ పాఠం నేను తెరవనే లేదు. పరీక్ష ఉందని తెలిసి నన్ను లేపకపోతే ఎలాగమ్మా?"

లేపలేదట! ముఖం మీద నీళ్లు చల్లి మరీ లేపింది. పాఠం అప్పజెబుతూంటే విన్నది. ఆ పాఠంలో తనకేమీ అర్థం కాకపోయినా, పిల్ల గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతూంటే గుండె నిండిపోయింది. ఆ పాఠమంతా ఇప్పుడేమైంది?

నూకరత్నానికి ఏ చిన్న విషయమైనా నేరుగా చిట్టచివరి చెడ్డ దగ్గరికే వెళ్లి ఆగుతుంది. భర్త ఈశ్వర్రావు పది నిమిషాలు ఆలస్యమైతే పోర్టులో క్రేను కూలిపోయిందనుకుంటుంది. పక్కింటి కుక్క అరిస్తే తమ ఇంటికే ఏదో రాబోతోందనుకుంటుంది. కానీ ఈసారి ఆమె ఊహించుకోవలసిన పని లేదు. ఆ చివర ఎలా ఉంటుందో ఆమె ఒకసారి చూసి వచ్చింది.

పదో తరగతిలో కుందన బడివాళ్లతో అరకు యాత్రకు వెళ్లింది. స్వెట్టరు వేసుకోమని తల్లి, అక్కర్లేదని కూతురు గొడవపడ్డారు. చివరికి ఆ పిల్ల విసురుగా చెప్పులేసుకుని, "సరే, పోతన్నాను!" అని వెళ్లిపోయింది. స్ట్రెచరు మీద తిరిగొచ్చింది. మెదడువాపు అన్నారు. బతికింది గానీ, ఆ తరవాత ఏ రోజు సంగతి ఆ రోజుకే చెల్లిపోయేది. కొత్తదేదీ తలలో నిలిచేది కాదు. ఆమధ్యలోనే ఈశ్వర్రావు తల్లి పోయింది. "మామ్మేదమ్మా?" అని కుందన రోజూ అడిగేది. రోజూ చెప్పవలసి వచ్చేది. రోజూ అప్పుడే విన్నట్టు ఏడ్చేది. కొన్నాళ్లకు నూకరత్నం, "అనకాపల్లి ఎల్లింది, రేపొచ్చేస్తాది" అనడం నేర్చుకుంది.

అప్పుడు దొరికింది చెవి వెనకాల అమర్చే బిళ్ళ.

మధురవాడ కొండవాలులో ఒక స్మృతి పరిశోధన కేంద్రం ఉంది. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు తాము రాసినదాన్ని ఎప్పటికప్పుడు ఒక ప్రతిగా దాచుకుంటారట. ఇవాళ రాసింది పాడైతే నిన్నటి ప్రతికి వెళ్లిపోతారట. ఆ పనిముట్టునే వీళ్ళు మనిషి జ్ఞాపకానికి అమర్చారు. నూకరత్నం దాన్ని తన కుట్టుపనిలోంచి అర్థం చేసుకుంది. పగలంతా జరిగేది కచ్చా కుట్టు. రాత్రి పిల్ల నిద్రపోయాక బిళ్ళ దాని మీద మిషను కుట్టు వేస్తుంది. ఇక అది ఊడదు. మిషను పడేలోపల ఎవరైనా దారం పట్టి లాగితే మాత్రం నిన్నటి దాకా మిగిలి, ఇవాల్టిది మొత్తం జారిపోతుంది.

బిళ్ళ పెట్టాక కుందన మామ్మ సంగతి ఒక్కసారే విని, ఒక్కసారే ఏడ్చింది. ఇంటరు గట్టెక్కి, ఎలక్ట్రికల్ డిప్లమాలో చేరింది. ఇల్లు మళ్ళీ ఇల్లయింది.

ఇప్పుడెవరో దారం లాగుతున్నారు.

మొదట్లో పొద్దుటి సంగతులే పోయేవి, అదీ ప్రతిరోజూ కాదు. తరవాత ఒక సాయంత్రం పెరుగు కోసం కొట్టుకు పంపితే, గేటు దగ్గర నిలబడిపోయి, చేతిలో ఉన్న గిన్నె కేసి చూసుకుని, "అమ్మా, నా కాలేజీ బ్యాగేదీ? బస్సు ఎల్పోతాది" అంది. వీధి దీపాలు వెలుగుతున్నాయి. తెల్లారిందనుకుంటోంది ఆ పిల్ల. ఆ రోజంతా ఆమె తలలో లేదు.

ఆ రాత్రి నూకరత్నం పిల్ల మంచం పక్కనే చాప వేసుకుంది.

కారణం తనే పట్టుకుందామని చూసింది. సీలింగు ఫ్యాను గిరగిరకి బిళ్ళ బెదురుతోందేమోనని ఫ్యాను ఆపేసింది. కుక్కరు మానేసి గిన్నెలో అన్నం వండింది. ఎదురు మేడ మీద సెల్ టవరు కనిపించకుండా కిటికీకి దుప్పటి కట్టింది. ఇంత ఉప్పు, మిరపకాయలు తీసి దిష్టి తీసింది.

"చెమటలు కక్కి చచ్చిపోతన్నాం. ఆ ఫ్యానేటి చేసిందే నిన్ను?" అన్నాడు ఈశ్వర్రావు.

"మీకు నవ్వులాటగా ఉంది. రేపది నన్నే ఎవరు నువ్వని అడిగితే అప్పుడు తెలుస్తాది."

"నీకెప్పుడూ చెడ్డే కనిపిస్తాదేటే?"

"కనిపించినవన్నీ జరిగేయి కాదేటి?"

ఈశ్వర్రావు లేచి ఫ్యాను వేసుకున్నాడు.

కేంద్రానికి ఫోను చేస్తే ఒక ఆడగొంతు, "మీ కాల్ మాకెంతో విలువైనది" అనేది, పాట వేసేది, మళ్ళీ విలువైనది అనేది. ఎప్పుడైనా మనిషి దొరికితే ఫిర్యాదు నంబరు అడిగేవాడు. నంబరు చెబితే అది మూసేశాం, కొత్తది పెట్టండి అనేవాడు. "పిల్ల తల ఖాళీ అయిపోతూంటే ఎలాగ మూసేసేరు బాబూ?" అని ఆమె అరిస్తే, "మీ సంతృప్తిని ఒకటి నుంచి అయిదు దాకా చెప్పండి" అని ఆ ఆడగొంతే అందుకునేది.

చివరికి నేరుగా వెళ్లి కూర్చుంది. పెద్ద డాక్టరమ్మ స్కాను బొమ్మలన్నీ చూసి, కళ్లజోడు తీసి, మెల్లగా చెప్పింది. "మెదడు బిళ్ళను ఒప్పుకోవడం లేదనిపిస్తోందమ్మా. ఒక్కొక్కరికి అలా అవుతుంది. ఇలాగే ఉంటే వచ్చే నెలలో తీసేద్దాం. ఉంచితే ప్రమాదం."

"తీసేస్తే?"

డాక్టరమ్మ కళ్లజోడు మళ్ళీ పెట్టుకుంది. నూకరత్నం చెవిలో కుందన గొంతు వినపడింది. మామ్మేదమ్మా?

వరండాలో ఆమెను ఆపినవాడు ఫయాజ్. బిళ్ళ ఏ సంగతి ఎక్కడ దాచాలో చూసే ప్రోగ్రాము అతనిది. ముప్ఫై దాటిన కడప మనిషి. నిద్ర చాలని కళ్ళు.

"అమ్మా, నాకైతే అది మెదడు తప్పు మాదిరి అనిపించల్యా. బిళ్ళకు ఎవరో 'వెనక్కి పో' అని చెప్తాండారు. అది పోతాంది."

"ఎవరు చెప్తన్నారు?"

"అదే తెలీదు. అది ఏ ఆజ్ఞ చేసినా, చేసినాక 'సరే' అని ఒక పచ్చ లైటు వెలిగిస్తాది. ఏం చేసింది, ఎవురు చెప్తే చేసింది, అవేవీ చెప్పదు."

నూకరత్నానికి ఒళ్ళు మండిపోయింది. "ఇదేం పద్ధతి బాబూ? మా ఇంట్లో పనిమనిషి గిన్నె పారేస్తే అడుగుతాను కదా, ఎందుకు పారేసేవు, ఎవరు పారేయమన్నారని! పిల్ల బుర్రలో కూచుని పారేస్తూంటే 'సరే' అంటే సరిపోతాదేటి?"

"సరిపోదమ్మా. ఆర్నెల్లుగా నేనూ అదే మొత్తుకుంటాండా. ప్రతి ఆజ్ఞా నడిచేటప్పుడు పైకి చెప్పేలాగా ట్రేసింగ్ పెట్టనీండి అంటే, బ్యాటరీ తినేస్తాది, అవసరం లేదు అంటారు."

"ట్రేసింగంటే నాకు తెలుసు. మగ్గం డిజైను బట్ట మీదకి దించడానికి వేస్తాం. సూది ఎక్కడెక్కడ దిగాలో చుక్క చుక్కా కనిపిస్తాది."

ఫయాజ్ మొదటిసారి నవ్వాడు. "అదేనమ్మా. సూది యాడ దిగిందో చూడాల మనం."

అతను ఎవరెవరితో పోట్లాడాడో, ఏమేం అన్నాడో నూకరత్నానికి తెలియదు. వారం తిరక్కుండా కబురొచ్చింది. ఒక్క కుందన బిళ్ళకు మాత్రం, అదీ కొద్దిరోజులకు, ఒప్పుకున్నారట.

ల్యాబులో కుందనను కుర్చీలో కూర్చోబెట్టి, ఒక చిన్న డబ్బా బల్ల మీద పెట్టాడు. దానిలోంచి మగో ఆడో తెలియని గొంతు వచ్చింది.

"విన్న మాట: లేదు. చేసిన పని: ఇవాల్టి జ్ఞాపకాల పొరల లెక్కింపు. పూర్తి."

నూకరత్నం ఉలిక్కిపడి కూతురి చెయ్యి పట్టుకుంది. "దానికి మన మాటలన్నీ వినిపిస్తాయేటి?"

"కుందన గొంతు మాత్రమే పట్టుకుంటాది. అందులోనూ దానికి నేర్పిన మాటలే. నాకు తెలిసి నేర్పినవి 'దాచు', 'ఆగు' అంతే."

కుందన ముందుకు వంగి డబ్బాతో, "దాచు" అంది.

"విన్న మాట: దాచు. పలికినది: కుందన. చేసిన పని: రాత్రి దాచేందుకు గుర్తు పెట్టడం. పూర్తి."

"భలేగుంది! నేను చెప్తే వినేది ఈ ఇంట్లో ఇదొక్కటే" అంది కుందన.

"ఇది ఇల్లు కాదే మొద్దూ" అంది తల్లి.

రోజంతా కూర్చున్నారు. మర్నాడూ వెళ్ళి కూర్చున్నారు. డబ్బా మంచి పిల్లాడిలా చేసిన ప్రతి పనీ చెప్పింది. 'వెనక్కి' అనే మాటే రాలేదు. కుందన "బై ఫయాజ్ గారూ" అని లిఫ్టెక్కేదాకా ఏమీ జరగలేదు. నూకరత్నం లిఫ్టులో గోడకానుకుంది. ఈ మిషను కూడా తేల్చలేకపోయిందంటే డాక్టరమ్మ చెప్పిందే నిజమన్నమాట. తీసేస్తారు. అప్పుడే ఆమె మనసు ఆపరేషను గది బయట బల్ల మీద కూర్చుంది.

మూడో రోజు ఫయాజ్ డబ్బా కేసి కాక కుందన కేసి తిరిగాడు. "పొద్దున పూట నీకెట్లా ఉంటాదో చెప్పు. లేచినప్పటి నుంచి."

"లేవడం నాకు తెలీదు" అంది కుందన తేలిగ్గా. "నాకు చాలా రోజులు తెల్లారేది గేటు దగ్గరే. బ్యాగు భుజానుంటుంది, కడుపు నిండుంటుంది. సరే, తిన్నాననుకుని బస్సెక్కేస్తాను. బిళ్ళ పెట్టించుకున్నవాళ్ళకి పొద్దున్నలు అలాగే ఉంటాయనుకున్నాను."

నూకరత్నం చీరకొంగు నోట్లో కుక్కుకుంది. ఫయాజ్ పెన్ను కింద పెట్టాడు.

"గేటు దగ్గరా? ల్యాబులో పట్టుకునేది కాదమ్మా ఇది. రేపు పొద్దున మీ ఇంటికే వస్తా."

అన్నట్టే, తెల్లారి పాలవాడి వెనకాలే వచ్చాడు. ముందుగదిలో కుర్చీ వేసుకుని, డబ్బాను కుట్టుమిషను మీద పెట్టాడు. కుందన అతని ఎదురుగా కూర్చుని గట్టిగా చదివింది. అర్థం కానిచోట అతన్నే అడిగింది. ట్రాన్స్‌ఫార్మరు బొమ్మ గీయించుకుంది. నూకరత్నం ఇద్దరికీ అట్లు వేసింది. అల్లం పచ్చడి కారంగా ఉందని అతను నీళ్లు తాగుతూంటే, కడపవాళ్ళు కారానికి ఏడవడమేమిటని కుందన ఆట పట్టించింది. డబ్బా ఉలకలేదు, పలకలేదు. ఫ్యాను తిరిగింది, కుక్కరు కూసింది. దేనికీ ఏమీ కాలేదు. తన అనుమానాలన్నీ ఒక్కొక్కటే తీరిపోతూంటే నూకరత్నానికి తేలికపడవలసింది పోయి భయం ఇంకా పెరిగింది.

బస్సు వేళయింది. కుందన బ్యాగు తగిలించుకుని, అతనికి చెయ్యూపి, పరుగున మెట్లు దిగింది. గేటు తీస్తూ, "ఎల్లొస్తా" అని గొణిగింది.

డబ్బా మాట్లాడలేదు.

నూకరత్నం అట్లకాడతో గుమ్మంలోకి వచ్చింది. రోజూ వచ్చినట్టే వచ్చింది. అరకు వెళ్లినప్పటి నుంచీ ఆమె పెట్టుకున్న నియమం ఇది. ఆ పిల్ల నోట ఆ మాట స్పష్టంగా వినపడందే గేటు దాటనివ్వదు.

"ఏటా నసుగుడు? సరిగ్గా అనవే."

"అన్నాను కదమ్మా!"

"నాకు వినపడలేదు. సరిగ్గా అను. లేపోతే వెనక్కొచ్చి కూచో."

కుందన గేటు పట్టుకుని, కళ్లు తిప్పి, వార్తలు చదివేవాళ్లలా ఒక్కొక్క అక్షరం ఒత్తి పలికింది. "వె-ళ్లొ-స్తా-నమ్మా!"

కుట్టుమిషను మీద డబ్బా గొంతు విప్పింది.

"విన్న మాట: వెళ్లొస్తా. పలికినది: కుందన. చేసిన పని: నిన్నటి ప్రతికి వెళ్లి రావడం. దాచని పొరలు: తొలగింపు. పూర్తి."

చేతిలోని అట్లకాడ మెట్టు మీద పడింది. ఆ చప్పుడుకు కుందన తలెత్తింది. రెండుసార్లు రెప్పలు వేసింది. తల్లి వెనకాల గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ మనిషిని చూసి ఆమె ముఖం విప్పారింది.

"ఫయాజ్ గారూ! ఎప్పుడొచ్చేరు? టిఫిన్ చేసేరా? మా అమ్మ అల్లం పచ్చడి తినండి. అయ్యో, నాకు బస్సుకి టైమైపోయింది!"

ఆమె వేలికి అతని పెన్ను సిరా మరక ఇంకా ఉంది.

పిల్ల మలుపు తిరిగాక నూకరత్నం ఫయాజ్ కేసి తిరిగింది. "ఆ మాటెవరు పెట్టేరు బాబూ దానికి?"

ఫయాజ్ తల దించుకున్నాడు. "పోయినేడు ఒక అప్‌డేట్ వచ్చింది. మూర్ఛ వచ్చేవాళ్లుంటారు గదమ్మా, ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు తల గందరగోళమైతే తమ నోటితోనే చెప్పుకుని నిన్నటికి పోయి వచ్చేదానికి. కుందనకు ఆ సదుపాయం ఆపే ఉంటాదనుకున్నా. చూసుకోలే. మీ ఫోనులో 'ఒప్పుకుంటున్నా' అని అడిగింటాది, మీరు నొక్కింటారు."

"రోజుకి నాలుగు అడుగుతాది. నొక్కకపోతే ముందుకెల్లనివ్వదు. దాన్నొదిలీ. ఆ మాటే ఎందుకు? లోకంలో మాటలు కరువయ్యేయా?"

"మామూలుగా ఎవరూ అనని మాట వెతికినాం." అతను డబ్బా కేసి తిరిగాడు. "ఆ మీటింగులో నేనూ ఉండా. ఆఫీసులో అందరం 'బై' అనే పోతాం. మా ఇంట్లో 'పోయొస్తా' అంటాం. 'వెళ్లొస్తా' పుస్తకాల్లో మాట, ఎవురంటారులే ఈ కాలంలో అనుకున్నాం. అర్థం కూడా సరిగ్గా సరిపోయిందని ఒకరినొకరు మెచ్చుకున్నాం కూడా."

"మా ఇంట్లో అంటాం" అంది నూకరత్నం. "నేను అనిపిస్తాను."

అప్పటికి ఆమెకు మొత్తం కనిపించింది. చుక్క చుక్కా. హడావిడిలో "ఎల్లొస్తా" అని గొణిగి పారిపోయిన పొద్దులన్నీ మిగిలాయి. తను ఆపి, గద్దించి, సరిగ్గా అనిపించిన పొద్దులన్నీ పోయాయి. పరీక్షలని తెల్లారగట్ల లేపి చదివించిన రోజుల్లోనే మరీ భయపడి మరీ స్పష్టంగా అనిపించింది. పెరుక్కి పంపిన సాయంత్రం కూడా గేటు దగ్గర ఆపి అనిపించింది. దారం లాగింది తనే. ఎంత బాగా చూసుకుంటే అంత బాగా లాగింది.

"పుట్టినరోజు పొద్దున్న నా పట్టీలు చెరిపించి దానికి చేయించినవి పెట్టేను" అంది. "సాయంత్రం వచ్చి, ఇవెక్కడివమ్మా అంది. ఎగతాళి చేస్తందనుకుని కసిరేను. ఆ పొద్దున్నలన్నీ ఎక్కడున్నాయి బాబూ? తియ్యలేరా?"

"యాడా లేవమ్మా. దాచకముందే పోయినాయి."

ఆమె కిందకి వంగి అట్లకాడ తీసింది. కడగడానికి లోపలికి తీసుకెళ్లి, పంపు తిప్పి, నీళ్ల చప్పుడులో ఏడ్చింది. తిరిగి వచ్చేసరికి ఏడుపు పోయి కోపం మిగిలింది. "ఇప్పుడే తీసేయండి ఆ మాట. ఇక్కడే కూచుని తీసేయండి."

"నా చేతిలో ల్యా. మాటల జాబితా హైదరాబాదులో వేరే టీముది. వాళ్లు మార్చాల, పరీక్షించాల, సంతకాలు కావాల. రెండు నెల్లు పడతాది."

"పెట్టినప్పుడు సంతకాలు అక్కర్లేకపోయిందేటి?"

ఫయాజ్ డబ్బా చెప్పినదంతా ఫోనులోకి ఎక్కించుకున్నాడు.

డాక్టరమ్మ డబ్బా చెప్పినదంతా విన్నది. కానీ ఒప్పుకోలేదు. "ఇదొక కారణం కావచ్చు. మెదడు కూడా సహకరించడం లేదేమో ఎలా తెలుస్తుంది? ఆ మాట అనని రోజు ఒక పొద్దుటి సంగతి సాయంత్రం దాకా నిలిచిందని చూపించండి. మీరు అందించకుండా అమ్మాయే తనంతట చెప్పాలి. అప్పుడు తీసే మాట వదిలేద్దాం."

ఒక్క పొద్దు. అంతే కావలసింది.

ఫయాజ్ కుందనకు విషయమంతా చెప్పాడు. ఆ పిల్ల కాసేపు చెవి వెనక తడుముకుని, "అయితే నా పొద్దున్నలన్నీ మా అమ్మ దగ్గరే ఉన్నాయన్నమాట" అంది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండునని నూకరత్నానికి అనిపించింది.

"'పోయొస్తా' అనొచ్చా బాబూ?" అని ఆమె ఆశగా అడిగింది.

"వద్దమ్మా. చివర 'వస్తా' అని వినబడితే ఒకోసారి పట్టుకుంటాది, ఒకోసారి ల్యా. దాన్ని నమ్మొద్దు. ఏమీ అనకుండా పంపించండి. లేకుంటే 'పోతాండా' అనమనండి."

పోతన్నాను. అరకుకు వెళ్తూ అన్న మాట అదే.

ఆ సోమవారం ట్రాన్స్‌ఫార్మర్ల పరీక్ష మళ్ళీ పెట్టారు. నూకరత్నం తెల్లారగట్ల లేచి పిల్లను లేపింది. నీళ్లు చల్లలేదు, భుజం మీద చెయ్యి వేసి లేపింది. కుందన చదువుతూంటే వంటింట్లో ఉప్మా కలుపుతూ చెవులప్పగించింది. ఎక్కడైనా 'వస్తా' అనే ముక్క దొర్లుతుందేమోనని గుండె చిక్కబట్టుకుంది. 'విద్యుత్తు వస్తుంది' అని చదివితే పరుగున వెళ్లి, "మనసులో చదువుకో, మనసులో!" అని కసిరింది. ఈశ్వర్రావు పేపరు వెనకాల నవ్వు ఆపుకున్నాడు.

"మీరు నవ్వకండి. అది పోయేదాకా గుమ్మం దగ్గరికి రాకండి. మిమ్మల్ని చూస్తే చెప్పాలనిపిస్తాది దానికి."

ఫయాజ్ ఇచ్చిన డబ్బా కుట్టుమిషను మీదే ఉంది. కుందన గబగబా రెండు ముద్దలు తిని, నీళ్లు తాగి, బ్యాగు తగిలించుకుంది. నూకరత్నం ఆమె వెనకే గేటు దాకా నడిచింది. ఇన్నాళ్లూ గుమ్మంలోంచే పని కానిచ్చేది. ఇవాళ కాళ్లు ఆగలేదు.

కుందన గేటు గొళ్ళెం తీసి వెనక్కి తిరిగింది. నోరు తెరిచింది.

నూకరత్నం ఒక్క ఉదుటున ఆ నోరు అరచేత్తో మూసేసింది. పిల్ల కళ్ళు పెద్దవి చేసి ఏదో అనబోతే ఇంకా గట్టిగా నొక్కింది. "అనకు. ఏమీ అనకు. పో." కడుపున పుట్టినదాన్ని గడప దాటేటప్పుడు 'పో' అనడం ఆమెకు అదే మొదలు. "పోవే తల్లీ. పో, బేగి పో."

కుందన తల అడ్డంగా ఆడించి, నవ్వి, వెళ్లిపోయింది. మలుపు తిరిగేదాకా తల్లి చూస్తూనే ఉంది. బస్సు హారను వినపడ్డాక, పిల్ల గొంతు కాదు కాబట్టి డబ్బా పట్టుకోదని తెలిసీ భయపడుతూనే, ఖాళీ గేటుతో నెమ్మదిగా అంది. "ఎల్లొస్తాది."

డబ్బా పలకలేదు.

ఆ రోజు ఆమె ఒక్క కుట్టూ వేయలేదు. బస్సు బోల్తా పడింది. కాలేజీలో కరెంటు కొట్టింది. ఎవరో స్నేహితురాలు సినిమాకి రమ్మంటే "వస్తా" అనేసింది. పోతున్నా అన్న రోజు స్ట్రెచరు వచ్చింది, పో అన్న రోజు ఏం వస్తుందో. ఇవన్నీ ఆమె కళ్ల ముందు వరసగా జరిగిపోయాయి. మధ్యలో ఈశ్వర్రావు పోర్టు నించి ఫోను చేస్తే, "పెట్టీండి, లైను కాళీగా ఉండాలి" అని కసిరింది.

సాయంత్రం గేటు చప్పుడైంది.

కుందన నడిచే వచ్చింది. చెప్పులు విడిచి, బ్యాగు కుర్చీలో పడేసి, మంచినీళ్ల బిందె దగ్గరికి వెళ్లింది. నూకరత్నం మిషను ముందు కూర్చుని, లేని దారాన్ని సూదిలోకి ఎక్కిస్తోంది. అందించకూడదు. ఏమీ అడగకూడదు. పరీక్ష ఎలా రాసేవని కూడా అడగకూడదు. గ్లాసులో నీళ్లు పడుతున్న చప్పుడు వింటోంది. ఇప్పుడీ పిల్ల తిరిగి, 'నన్నెందుకు లేపలేదమ్మా' అంటుంది. అంటే ఇక అంతే.

కుందన గ్లాసు దించి మూతి తుడుచుకుంది.

"ఏటమ్మా నువ్వు? మెడ విరిచేసినట్టు నోరు మూసేసేవు. నేనేం ఆ మాట అనబోలేదు."

సూది తల్లి వేలిలో దిగింది.

"మరేటి అనబోయేవు?"

"ఉప్మాలో ఉప్పు లేదని."

నూకరత్నం వేలి మీద చిన్న నెత్తురుచుక్క లేచింది. దాన్ని చూస్తూ, కళ్ళలో నీళ్ళతో, ఇంటి పెంకులెగిరిపోయేలా అరిచింది.

"ఉప్పు లేకపోతే తింటున్నప్పుడే చెప్పొచ్చు కదే మొద్దు మొహమా!"

"చెప్పేను. మనసులో. నువ్వే కదా మనసులో చదువుకోమన్నావు."